జిడ్డు ఆట గురించి మా ఊరి కుర్రాళ్లూ, వాళ్ల నాన్నలూ తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం దగ్గర మా ఊళ్లో ప్రతి ఆదివారం పొద్దున్నే పదిహేను, ఇరవై మంది పిల్లలకి లెదర్ బంతితో క్రికెట్ ఆడటం నేర్పిస్తుంటాను. ఇది నా ఉద్యోగం కాదు, పిచ్చి. ప్రాక్టీస్ అయ్యాక టీ కొట్టు దగ్గర కూర్చుంటే ప్రతి వారం అవే ప్రశ్నలు. సిక్స్ కొట్టగలిగేవాడు బంతిని ఎందుకు ఆపాలి, టెస్టుల్లో గంటల తరబడి నిలబడే పుజారా ఏం గెలిపించాడు, డ్రా చూసి ఏం బావుకుంటారు. చెప్పిందే చెప్పి గొంతు పోయింది. అందుకే ఇక్కడ రాసి పెట్టేస్తున్నాను. ఇక మీదట అడిగినవాళ్లకి ఫోన్‌లో ఇదే పంపిస్తాను.

"జిడ్డు" అనేది తిట్టా, మెచ్చుకోలా?

తిట్టే. పేపర్లో ఆటల పేజీ చదివేవాళ్లకి ఈ మాట బాగా అలవాటు. గిన్నెకి పట్టిన జిడ్డు ఎంత తోమినా వదలనట్టు, ఈ బ్యాటర్ ఎంత తోమినా పోడని. అయితే ఆ బాధ తోమేవాడిది. బౌలర్ తిట్టుకోవాల్సిన మాటని తెచ్చి మనం మన బ్యాటర్ మీదే వాడుతున్నాం. నేను మాత్రం ఆ మాటని మానలేదు. మా పిల్లల్లో ఎవడైనా గంటసేపు నిలబడితే "జిడ్డోడివిరా నువ్వు" అంటాను. వాడు ఇంటికెళ్లి వాళ్ల అమ్మకి చెప్పుకుంటాడు.

సిక్స్ కొట్టే దమ్ము ఉన్నప్పుడు బంతిని ఆపడం దేనికి?

లెక్క చూడండి. టీ20లో ఒక జట్టుకి 120 బంతులు, పది వికెట్లు. వికెట్‌కి 12 బంతులు పడతాయి. అక్కడ బంతి ఖరీదు, వికెట్ చవక. బంతి వదిలేస్తే నష్టం, వికెట్ పోతే ఇంకొకడు వస్తాడు. టెస్టులో రోజుకి 90 ఓవర్ల చొప్పున ఐదు రోజులకి 2,700 బంతులు. రెండు జట్లకి సగం సగం పంచితే ఒక్కో జట్టుకి 1,350. వికెట్లు మాత్రం రెండు ఇన్నింగ్స్‌కీ కలిపి ఇరవయ్యే. అంటే వికెట్‌కి 67 బంతులు. ఇక్కడ బేరం తిరగబడింది. అదే బ్యాటు, అదే బంతి, కానీ పన్నెండు బంతులకి అమ్ముకునే వికెట్‌ని ఇక్కడ అదే ధరకి అమ్మితే జట్టు దివాలా.

నాకు మాత్రం ఇది లెక్క వేస్తే తెలియలేదు, బస్సులో తెలిసింది. పంతొమ్మిదేళ్లప్పుడు రాజమండ్రిలో రెండు రోజుల మ్యాచ్. రెండో రోజు సాయంత్రం మాకు ఎనిమిది వికెట్లు పోయాయి, తొమ్మిది ఓవర్లు నిలబడితే డ్రా. ఆఫ్ స్పిన్నర్ బంతిని గాల్లోకి ఊరిస్తూ వేస్తున్నాడు. మూడు ఆపాను. నాలుగోది బ్యాటు కిందకే వచ్చినట్టు వచ్చింది, లాంగాన్ మీదుగా లేపాను. తగిలిన చప్పుడుకి సిక్సే అనుకున్నాను. లాంగాన్‌లో నిలబడ్డవాడు ఒక్క అడుగు కూడా కదల్లేదు. నా తర్వాత వచ్చినవాడు రెండు బంతుల్లో అయిపోయాడు. తిరుగు బస్సులో రావులపాలెం దాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. మా కెప్టెన్ వేరుశనక్కాయల పొట్లం విప్పి అందరికీ పంచుకుంటూ వచ్చి, నా సీటు దగ్గరికి వచ్చేసరికి మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

ఊరికే నిలబడితే అవతలివాళ్లకి నష్టం ఏమిటి?

కొత్త బంతి మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, సీమ్, అంటే కుట్టు, నిక్కబొడుచుకుని ఉంటుంది. గాల్లో తిరగడం, పడ్డాక పక్కకి జరగడం అన్నీ అప్పుడే ఎక్కువ. ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రా బంతయితే ముప్పై, నలభై ఓవర్లు గడిచేసరికి మెత్తబడి చాలావరకు నోరు మూసుకుంటుంది. ఇంకో కొత్త బంతి కావాలంటే 80 ఓవర్లు అయ్యేదాకా ఆగాలి. ఆ మధ్య కాలమే పరుగుల పంట కాలం. కానీ ఆ కాలం వచ్చేదాకా ఎవరో ఒకరు క్రీజులో ఉండాలి కదా. ఓపెనరూ, మూడో నంబరూ చేసే చాకిరీ ఇదే.

ఇంకొకటి బౌలర్ కాళ్లు. 2018-19లో ఆస్ట్రేలియాలో పుజారా నాలుగు టెస్టుల్లో 1,258 బంతులు ఆడాడు. ఓవర్లలో చెప్పాలంటే 209 దాటింది, ఒక్క మనిషికే. మూడు సెంచరీలు, 521 పరుగులు. ముగ్గురు ఫాస్ట్ బౌలర్లూ ప్రతి టెస్టూ ఆడి, ప్రతి టెస్టులో అతనికి గంటల తరబడి వేశారు. సిరీస్ మనం 2-1తో గెలిచాం. ఆస్ట్రేలియాలో మనకి అదే మొదటి టెస్టు సిరీస్ విజయం.

బంతిని వదిలేయడం కూడా బ్యాటింగేనా? బ్యాట్ ఎత్తి నిలబడటం ఎవడికైనా వస్తుంది కదా?

రాదు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి చివరిగా వచ్చే విద్య అదే. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో వెనక్కి చూడకుండా తెలియాలి. ఆ బంతి స్టంప్ పక్క నుంచి పోతుందా, పై నుంచి పోతుందా, లోపలికి వస్తుందా అనేది అర సెకనులో తేల్చుకోవాలి. తేల్చుకున్నాక చేతుల్ని ఆపుకోవాలి. అసలు కష్టం ఈ ఆపుకోవడమే.

మన పిల్లలకి నేను ధవళేశ్వరం చెప్తాను. గోదావరికి వరదొస్తే బ్యారేజీ గేట్లు మూసి నీళ్లని ఆపుతారా? ఆపరు. గేట్లన్నీ పైకెత్తేస్తారు, నీరు సముద్రంలోకి పోతుంది. ఆ వరదకి అడ్డం నిలబడితే బ్యారేజీ ఉండదు. ఆఫ్ స్టంప్ బయట పడి పక్కకి జరిగే కొత్త బంతి అలాంటిదే. దాని దారి సముద్రానికి, పోనివ్వాలి. పంటకాలవకి సరిపడా నీళ్లు వచ్చే రోజు వేరే ఉంటుంది, అప్పుడు వాడుకోవచ్చు.

గబ్బాలో గెలిపించింది పంత్ కదా, పుజారాని ఎందుకు పొగుడుతారు?

ఆయ్, గెలిపించింది పంతేనండి. 138 బంతుల్లో 89 నాటౌట్, గెలుపు ఫోర్ కూడా అతనిదే. పొద్దున్న గిల్ కొట్టిన 91 కూడా ఎవరూ మర్చిపోకూడదు. నేను కాదనడం లేదు. కానీ ఆ రోజు స్కోర్‌బోర్డుని నెమ్మదిగా చదవండి.

2021 జనవరి 19, బ్రిస్బేన్‌లోని గబ్బా గ్రౌండ్‌లో ఐదో రోజు. లక్ష్యం 328. ఆ గ్రౌండ్‌లో ఆస్ట్రేలియా 1988 తర్వాత అప్పటిదాకా ఒక్క టెస్టు కూడా ఓడలేదు. పిచ్ మీద పగుళ్లు. వాళ్ల ఫాస్ట్ బౌలర్ కమిన్స్ వేసే బంతి పగులు మీద పడితే ఎటు లేస్తుందో అతనికే తెలియదు. పుజారా ఏం చేశాడంటే, పైకి లేచే బంతికి గ్లవ్ అడ్డం పెడితే క్యాచ్ పోతుందని, చేతులు దించేసి ఒళ్లు అడ్డం పెట్టాడు. హెల్మెట్‌కి, పక్కటెముకలకి, భుజానికి, వేలికి తగిలాయి. వేలికి తగిలినప్పుడు బ్యాటు కింద పడేసి విలవిల్లాడాడు. ఆ దృశ్యం చూస్తూ మా ఆవిడ టీవీ కట్టేయమంది. 211 బంతులు ఆడి 56 పరుగులు చేశాడు. రెండో కొత్త బంతి తీసుకున్నాక కమిన్స్ అతన్ని ఎల్బీడబ్ల్యూ చేశాడు. అప్పటికి స్కోరు 228. ఇంక వంద పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి, అవతల బౌలర్లకి ఊపిరి లేదు. పంత్ అక్కడి నుంచి కొట్టాడు.

ఆ 211 బంతులు వేరేవాళ్ల మీద పడి ఉంటే పంత్ ఎప్పుడు బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చేదో, పక్కన ఎవరు మిగిలేవారో మీరే ఊహించుకోండి. పెళ్లిలో వడ్డించినవాడి పేరే అందరికీ గుర్తుంటుంది. తెల్లారుజామున గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఫోటోలో ఉండడు.

మన విహారి సిడ్నీలో చేసిందేమిటి? ఇరవై మూడు పరుగులకి అంత గొడవేమిటి?

ఈ ప్రశ్న అడిగితే నాకు కొంచెం కోపం వస్తుంది, ముందే చెప్తున్నాను.

హనుమ విహారి పుట్టింది కాకినాడలో, మనకి ఏటి అవతలే. ఆట నేర్చుకుంది హైదరాబాద్‌లో అనుకోండి, అయినా మనవాడే. గబ్బాకి ముందు టెస్టు, 2021 జనవరి 11, సిడ్నీలో చివరి రోజు. లక్ష్యం 407. పంత్ 118 బంతుల్లో 97 కొట్టాడు, పుజారా 205 బంతుల్లో 77 చేశాడు. వాళ్లిద్దరూ ఉన్నంతసేపు గెలుస్తామేమో అనిపించింది. ఇద్దరూ పోయాక 272 పరుగులకి ఐదు వికెట్లు. మిగిలింది విహారి, అశ్విన్. జడేజాకి బొటనవేలు విరిగింది. అశ్విన్‌కి నడుం నొప్పి. విహారి ఒక పరుగు తీయబోయి తొడ కండరం పట్టేసుకున్నాడు. ఇంక పరుగెత్తలేడు. పరుగెత్తలేనివాడు లక్ష్యం గురించి ఆలోచించడం కూడా అనవసరం.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి నలభై ఓవర్లకి పైగా నిలబడ్డారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్, అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. 334/5, డ్రా. కుంటుతూ కాలు ముందుకి వేయాలి, వేయకపోతే లయన్ స్పిన్‌కి దొరికిపోతాడు. ఆ కాలు ముందుకి వేసినప్పుడల్లా అతని మొహం చూడాల్సింది. ఆ రోజు అక్కడ ఓడిపోయి ఉంటే సిరీస్‌లో 1-2తో వెనకబడి బ్రిస్బేన్ వెళ్లేవాళ్లం. అక్కడ గెలిచినా సిరీస్ సమం అయ్యేదే గానీ మనది అయ్యేది కాదు. ఆ సిరీస్ కూడా 2-1తో గెలిచామని చెప్పుకుంటున్నామంటే అందులో ఆ ఇరవై మూడు పరుగులు ఉన్నాయి.

2023లో ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్, మధ్యప్రదేశ్ మీద. బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు విరిగింది. ఆంధ్రా కెప్టెన్ అతనే. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ ప్యాడ్లు కట్టుకుని వచ్చి, కుడిచేతి బ్యాటర్ కాస్తా ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు, విరిగిన చెయ్యి బౌలర్ వైపు లేకుండా. మ్యాచ్ మనం ఓడిపోయాం. అది చూసిన మా కుర్రాళ్లు మాత్రం రెండు వారాల పాటు వేలికి దెబ్బ తగిలిందని ప్రాక్టీస్ ఎగ్గొట్టలేదు.

మనం చేలో ఆడే ఆటకీ, టెస్ట్ మ్యాచ్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

మీరనుకునే దానికంటే ఎక్కువే ఉంది. దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేశాక మన చేలు చూడండి. మే నెల ఎండకి ఒండ్రు నేల నెర్రెలు విచ్చుతుంది, కొన్నిట్లో చెయ్యి దూరుతుంది. కొయ్యకాళ్లు పీకేసి, సరుగుడు కర్రలు మూడు పాతి ఆడతాం. బంతి నెర్రె అంచు మీద పడితే మెడ దాకా లేస్తుంది, నెర్రెలో పడితే కాలి మడమ దగ్గరికి పాకుతూ వస్తుంది. కామెంటేటర్లు ఐదో రోజు పిచ్ అని ఊదరగొట్టేది ఇదే. మెల్‌బోర్న్‌లో పెరిగిన పిల్లాడికి ఇది వింత కావచ్చు గానీ మనకి వేసవి సెలవులు.

ఇంకో మాట. మా చిన్నప్పుడు చేనుకి ఒక పక్క పంటకాలవ, రెండో పక్క చేపల చెరువు. రూలేమిటంటే కాలవలో పడితే ఔట్, చెరువులో పడితే ఔట్, పైగా బంతి కొట్టినవాడే దిగి తెచ్చుకోవాలి. నేల మీద కొట్టడం మాకు ఏ కోచ్ నేర్పాడనుకుంటున్నారు? ఇప్పుడు బాక్స్ క్రికెట్ అని చుట్టూ వల కడుతున్నారు, ఎంత గట్టిగా కొట్టినా బంతి ఎక్కడికీ పోదు. పిల్లలకి భయం లేకుండా పోయింది. (ఇది ముసలి ఏడుపు అని మా తమ్ముడు అంటాడు. కావచ్చు.)

బాదేవాళ్లు టెస్టులకి పనికిరారంటారా?

అలా ఎప్పుడూ అనలేదు. భారత్ తొలి టెస్ట్ కెప్టెన్ సీకే నాయుడు మన తెలుగు కుటుంబం మనిషే. 1926లో బాంబేలో ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 153 కొడితే అందులో పదకొండు సిక్సులు. బాదుడు మన రక్తంలోనే ఉంది. సెహ్వాగ్ 2008లో చెన్నైలో దక్షిణాఫ్రికా మీద 304 బంతుల్లో 319 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌ని ఇప్పుడు చూపించినా టీ చల్లారిపోయేదాకా చూస్తాను. కానీ అదే ఏడాది అడిలైడ్‌లో మ్యాచ్ కాపాడాల్సి వస్తే అదే సెహ్వాగ్ బ్యాటుని లోపల పెట్టుకుని 151 చేసి డ్రా చేయించాడు.

న్యూజిలాండ్ బ్యాటర్ మెకల్లమ్ సంగతి ఇంకా బాగుంటుంది. టెస్టుల్లో అన్నిటికంటే వేగవంతమైన సెంచరీ, 54 బంతుల్లో, అతనిదే. 2016లో తన ఆఖరి టెస్టులో కొట్టాడు. దానికి రెండేళ్ల ముందు వెల్లింగ్టన్‌లో మన మీద న్యూజిలాండ్ రెండో ఇన్నింగ్స్‌లో 94కి ఐదు వికెట్లు. మ్యాచ్ మనదే అని ఇక్కడ అందరూ నిద్రపోయారు. ఆ మనిషి 559 బంతులు, దాదాపు పదమూడు గంటలు ఆడి 302 కొట్టాడు. మ్యాచ్ డ్రా. కొట్టగలిగినవాడు ఆపడం నేర్చుకుంటే మన గతి ఏమవుతుందో ఆ మూడు రోజులూ చూశాం.

అయితే బాజ్‌బాల్ తప్పా?

బాజ్‌బాల్ అంటే టెస్టుల్లో కూడా బాదుతూనే ఉండాలనే ఇంగ్లాండ్ పద్ధతి. తప్పనను, ఒక్కదారి ఆట అంటాను. 2022లో ఎడ్జ్‌బాస్టన్‌లో మన మీద 378 ఛేదించేశారు, ఊపిరాడలేదు. 2024 హైదరాబాద్ టెస్టులో పోప్ 196తో మళ్లీ గెలిచారు. తర్వాత రాజ్‌కోట్‌లో మూడో రోజు పొద్దున్న రెండు వికెట్లకి 207తో ఉన్నారు. రూట్ బుమ్రా బంతిని వెనక్కి తిప్పి స్లిప్‌లో క్యాచ్ ఇచ్చాడు. రూట్ లాంటివాడికి ఆ షాట్ అవసరమా అని మా టీ కొట్టు ఆయన కూడా అన్నాడు, ఆయనకి క్రికెట్ పెద్దగా తెలియదు. 319కి ఆలౌట్, మ్యాచ్‌లో 434 పరుగుల తేడాతో ఓటమి, సిరీస్ 4-1 మనకి. అదే మ్యాచ్‌లో మన జైస్వాల్ పన్నెండు సిక్సులు కొట్టాడు మరి! కాబట్టి గొడవ సిక్సుతో కాదు.

జిడ్డు ఆట తప్పయ్యే సందర్భాలు లేవా?

ఎందుకు లేవు. 1975 ప్రపంచకప్‌లో ఇంగ్లాండ్ 60 ఓవర్లలో 334 చేస్తే గావస్కర్ మొత్తం ఓవర్లు ఆడి 174 బంతుల్లో 36 నాటౌట్. ఎంత గొప్ప ఆటగాడైనా దాన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు. అక్కడ బంతులు ఖరీదు, అతను వాటిని చిల్లర పైసల్లా పారేశాడు.

2015 ఢిల్లీలో దక్షిణాఫ్రికావాళ్లు 143 ఓవర్లు ఆడి 143 పరుగులే చేశారు. ఆమ్లా 244 బంతుల్లో 25, డివిలియర్స్ 297 బంతుల్లో 43. అయినా 337 పరుగుల తేడాతో ఓడారు. అయితే దీన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. గెలుపు దారి ఎలాగూ మూసుకుపోయింది. అంతకు మూడేళ్ల ముందు అడిలైడ్‌లో డుప్లెసిస్ తన మొదటి టెస్టులోనే 376 బంతులాడి ఇలాగే మ్యాచ్ కాపాడాడు. ఒకసారి పండింది, ఒకసారి ఎండింది.

2025లో ఇంగ్లాండ్ మీద లార్డ్స్ టెస్టు మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది. లక్ష్యం 193. జడేజా 181 బంతుల్లో 61 నాటౌట్. బుమ్రా 54 బంతులు, సిరాజ్ 30 బంతులు కాచుకున్నారు. చివరికి సిరాజ్ చక్కగా ఆపిన బంతే వెనక్కి దొర్లుకుంటూ వెళ్లి బెయిల్ పడేసింది. 22 పరుగులతో ఓటమి. జడేజా మధ్యలో కొంచెం చెయ్యి విదిలించాల్సిందా? మా ఇంట్లోనే దీని మీద రెండు పార్టీలు. నేను విదిలించాల్సిందనే పార్టీ.

ఓపిక అంటే నెమ్మదిగా ఆడటమేనా?

కాదు. 2001 కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద, ఫాలో ఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగడం) ఆడుతూ నాలుగో రోజు మొత్తం లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ కూడా పోనివ్వలేదు. ఆ రోజు చేసిన పరుగులు 335. జిడ్డు ఎక్కడుంది చెప్పండి? చెడ్డ బంతి వచ్చేదాకా ఆగారు, వచ్చాక వదల్లేదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, మ్యాచ్ 171 పరుగులతో మనది. ద్రావిడ్ తన కెరీర్‌లో ఆడిన టెస్టు బంతులు 31,258. ప్రపంచంలో ఇంకెవరూ అన్ని ఆడలేదు.

మాస్టారూ, మా వాడు ముప్పావుగంట ఆడి నాలుగు పరుగులు చేశాడు. ఎండలో నల్లబడటానికా పంపేది? ఐపీఎల్‌కి పనికొచ్చేది నేర్పండి.

ఇది ఒక అమ్మగారు నిజంగానే అడిగారు, గేటు దగ్గర స్కూటీ మీద కూర్చుని. ఆవిడ బాధ నాకు అర్థమైంది, డబ్బంతా అక్కడే ఉంది. నేను చెప్పింది ఇంతే. అమ్మా, మీవాడు ఆ ముప్పావుగంటలో ముప్పై ఒక్క బంతులు వదిలేశాడు, నేను లెక్కపెట్టాను. అందులో ఇరవై ఆరు వదలాల్సినవే. పదమూడేళ్లకి ఏ బంతి కొట్టాలో తెలిసినవాడికి పద్దెనిమిదేళ్లకి ఎలా కొట్టాలో నేర్పడం తేలిక. తిరగేసి నేర్పడం మాత్రం నాకు ఇంతవరకు చేతకాలేదు.

ఆవిడ ఒప్పుకున్నారని చెప్పను. టోపీ మాత్రం కొనిపెట్టారు.

ఓపికని నేర్పగలమా, పుట్టుకతో రావాలా?

కొంత పుట్టుక. మిగతాది నేర్పొచ్చు. నేను చేసేది చెప్తాను. చలికాలం పొద్దున్న మంచు పట్టిన మ్యాట్ మీద తడిసిన టెన్నిస్ బంతి వేస్తాను, అది జర్రున జారుతూ వస్తుంది. ముప్పై బంతులు షాట్ కొట్టకూడదు. ఆపాలి, లేదా వదలాలి. కొట్టినవాడు వెళ్లి వరస చివర నిలబడాలి. మొదట్లో అందరూ ఆరో బంతికో, ఏడో బంతికో పోతారు. ఇరవై దాటాక పిల్లాడి మొహం మారుతుంది. భుజాలు దిగుతాయి, బ్యాటు పట్టు వదులవుతుంది, బంతిని బౌలర్ చేతిలో ఉండగానే చూడటం మొదలుపెడతాడు. ఆ తర్వాత కొట్టమంటే వాడు కొట్టే కవర్ డ్రైవ్ మోతే వేరు.

డ్రా చూసి ఏం ఆనందం?

2025 జులైలో మాంచెస్టర్‌లో సున్నాకి రెండు వికెట్లు పోయి కూడా 143 ఓవర్లు నిలబడ్డాం. జడేజా, సుందర్ ఇద్దరూ సెంచరీలకి దగ్గరపడ్డప్పుడు ఇంగ్లాండ్ కెప్టెన్ స్టోక్స్ చెయ్యి చాపి ఇంక చాలిద్దామంటే వీళ్లు ఇంకాసేపు ఆడతామన్నారు, ఇద్దరూ సెంచరీలు కొట్టారు. ఆ ఆఖరి గంట వీడియో చూసి అప్పుడు అడగండి.

ఐదు రోజులు చూసే టైం ఎవరికుంది?

రోజూ మొదటి గంట చూడండి, చాలు.

మావాణ్ణి పంపాలంటే ఎన్నింటికి, ఏం తేవాలి?

ఆదివారం పొద్దున్న ఆరింటికి, కొబ్బరితోట దాటాక ఎడమ పక్క. నీళ్ల సీసా, టోపీ, గార్డ్ తప్పనిసరి. బ్యాట్ లేకపోతే మా దగ్గర రెండున్నాయి. కొబ్బరి మట్టలు మాత్రం పట్టుకురాకండి. పోయినసారి ఒకటి విరిగి నా మోకాలికే తగిలింది.